అమెరికాలో మన పెద్దలకు తక్కువ అద్దె సీనియర్ అపార్ట్‌మెంట్లు: చేరేముందు తూచి చూడవలసినవి

సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన ప్రసంగ పాఠం ఇది.

సభకు నమస్కారం. ముందు వరుసల్లో పెద్దలు కూర్చున్నారు, వెనక వారి కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు, అల్లుళ్ళు నిలబడి ఉన్నారు. ఈ రోజు విషయం అందరికీ సంబంధించినదే అయినా నేను ముందు వరుసల వైపే చూస్తూ మాట్లాడతాను. రేపు ఆ అపార్ట్‌మెంటు తాళం తీసుకుని లోపలికి వెళ్ళి, రాత్రికి అక్కడ పడుకోవలసింది మీరు. కాబట్టి ముందుగా తూచి చూడవలసినదీ మీరే.

పన్నెండేళ్ళుగా నేను మన పెద్దలకు ఈ దరఖాస్తులు నింపడంలో సాయపడుతున్నాను. ఇన్నేళ్ళలోనూ అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఏమ్మా, అక్కడ చేరితే మంచిదేనా?" మంచిదని గానీ వద్దని గానీ ఒక్క మాటలో చెప్పగలిగితే ఈ సభ అవసరమే ఉండేది కాదు. నేను చెప్పగలిగిన మాట ఇది: ఆ అపార్ట్‌మెంటు మీకు ఇల్లు ఇస్తుంది, సంరక్షణ ఇవ్వదు. మళ్ళీ చెబుతాను, ఇల్లు ఇస్తుంది, సంరక్షణ ఇవ్వదు. ఈ తేడా తెలిసి చేరినవారు అక్కడ సుఖంగా ఉండడం చూశాను. తెలియక చేరినవారు, తెలియక చేర్చినవారు బాధపడడమూ చూశాను. తెలియక చేర్చినవారిలో నేనూ ఉన్నాను. ఆ సంగతి కొంచెం సేపటికి చెబుతాను.

మొదట అద్దె సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది అక్కడే. బయట "అఫర్డబుల్", అంటే తక్కువ అద్దె, అని బోర్డు ఉన్న ప్రతి భవనంలోనూ అద్దె లెక్క ఒకే రకంగా ఉంటుందని మనం అనుకుంటాం. అలా ఉండదు. ముఖ్యంగా రెండు రకాలున్నాయి, ఆ రెండింటి పుట్టుకా వేరు, లెక్కా వేరు. మొదటి రకంలో ఫెడరల్ ప్రభుత్వ సహాయం నేరుగా అద్దెకు అందుతుంది. 1959 నాటి గృహనిర్మాణ చట్టంలోని సెక్షన్ 202 కింద, లాభాపేక్ష లేని సంస్థలు వృద్ధుల కోసం కట్టిన భవనాలు ఈ రకానివి. 1974లో వచ్చిన సెక్షన్ 8 సహాయం ఉన్న భవనాలూ ఈ రకానివే. వీటిలో మీరు కట్టే అద్దె మీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. కొన్ని మినహాయింపులు తీసేశాక మిగిలిన ఆదాయంలో సుమారు 30 శాతం మీరు కడతారు, తక్కినది ప్రభుత్వం భరిస్తుంది. మీ ఆదాయం తగ్గితే మీ అద్దె కూడా తగ్గుతుంది.

రెండో రకం 1986 పన్నుల చట్టంతో వచ్చింది. తక్కువ ఆదాయం వారికి ఇళ్ళు కడితే పన్నులో రాయితీ ఇస్తామని ప్రభుత్వం బిల్డర్లకు చెప్పింది. ఈ రోజు కొత్తగా కడుతున్న సీనియర్ అపార్ట్‌మెంట్లలో ఈ పన్ను రాయితీ భవనాలే ఎక్కువగా కనిపిస్తాయి. చూడడానికి ఇవి అందంగా, కొత్తగా ఉంటాయి. అయితే ఇక్కడ అద్దెకు పరిమితి పెట్టేది మీ ఆదాయాన్ని చూసి కాదు, ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయాన్ని చూసి. ఆ పరిమితి మీకూ, పక్కింటివారికీ ఒక్కటే. మీ ఆదాయం తక్కువైనంత మాత్రాన మీ అద్దె తగ్గదు.

లెక్క చెబితే తేలికగా అర్థమవుతుంది. ఎస్ఎస్ఐ అంటే ఆదాయం, ఆస్తి బాగా తక్కువగా ఉన్న పెద్దలకు ఫెడరల్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు. 2025లో అది ఒక మనిషికి నెలకు 967 డాలర్లు ఉండేది. వేరే ఆదాయం లేని ఒక పెద్దావిడ మొదటి రకం భవనంలో చేరితే ఆమె అద్దె సుమారు 290 డాలర్లకు మించదు. అదే పెద్దావిడ రెండో రకం భవనంలో చేరిందని, అక్కడి ఒక గది అపార్ట్‌మెంటు అద్దె 900 డాలర్లని అనుకుందాం. ఆమె చేతిలో నెలంతటికీ మిగిలేది 67 డాలర్లు. రెండు భవనాల మీదా "అఫర్డబుల్" అనే రాసి ఉంటుంది. కాబట్టి ఫోను చేసినప్పుడు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న "అద్దె ఎంత?" అని కాదు. "మీ అద్దె నా ఆదాయాన్ని బట్టి మారుతుందా, లేక అందరికీ ఒకటేనా?" అని అడగండి. ఆ తరువాత ఇంకొక ప్రశ్న అడగండి: "ఈ భవనానికి తక్కువ అద్దె ఒప్పందం ఏ సంవత్సరం దాకా ఉంది?" పన్ను రాయితీ భవనాలకు ఆ కట్టుబాటు సాధారణంగా 30 ఏళ్ళు ఉంటుంది, కొన్నిచోట్ల దానికంటే ముందే ముగిసే దారులూ ఉన్నాయి. డెబ్బై ఏళ్ళకు చేరినవారు ఎనభై రెండేళ్ళకు మళ్ళీ ఇల్లు వెతుక్కోవలసి రావడం కంటే కష్టం ఏముంటుంది?

ఇప్పుడు అసలు లాభం చెబుతాను. చాలామంది పిల్లలు ఇది డబ్బు లాభం అనుకుంటారు. డబ్బు లాభం ఉంది, కాదనను. కొడుకు ఇంట్లో ఉంటూ, తిండికీ నివాసానికీ తమ వంతు ఏమీ ఇవ్వని పెద్దలకు ఎస్ఎస్ఐలో మూడో వంతు దాకా తగ్గించే నియమం ఉంది. సొంతంగా అద్దె కట్టుకుని ఉంటే ఆ కోత ఉండదు. అయితే నేను చూసినంతలో పెద్దలకు దక్కిన పెద్ద లాభం డబ్బు కాదు, మనుషులు.

మా నాన్నగారు పోయాక అమ్మ మా ఇంట్లో ఆరేళ్ళు ఉంది. ఆమెకు వేరే గది ఉంది, టీవీలో తెలుగు ఛానెళ్ళు ఉన్నాయి, వేళకు తిండి ఉంది. ఉదయం ఎనిమిదింటికి మేమందరం బయటికి వెళ్తే సాయంత్రం ఆరింటి దాకా ఆ ఇంట్లో ఆమెతో ఒక్క మాట మాట్లాడే మనిషి లేడు. వీధిలోకి వెళ్తే కార్లే తప్ప మనుషులు కనబడరు. ఆమెకు డ్రైవింగు రాదు. రోజుకు పది గంటల మౌనం, అలాంటి రోజులు ఆరేళ్ళు. ఇక్కడ కూర్చున్న అమ్మలను అడుగుతున్నాను, ఈ మౌనం మీలో ఎంతమందికి తెలుసు? చేతులు ఎత్తనవసరం లేదు, మీ ముఖాల్లోనే కనబడుతోంది.

సీనియర్ అపార్ట్‌మెంటులో చేరిన రెండో నెలలో నేను వెళ్ళేసరికి అమ్మ ఇంట్లో లేదు. కంగారుపడి కిందికి వస్తే, పోస్టు పెట్టెల దగ్గర బల్ల మీద ఒక గుజరాతీ ఆవిడతోనూ, ఒక చైనా ఆవిడతోనూ కూర్చుని ఉంది. ముగ్గురికీ కలిసిన భాష లేదు. ముగ్గురూ మోకాళ్ళు చూపించుకుంటూ మాట్లాడుకుంటున్నారు. మా అమ్మ ముఖంలో ఆ వెలుగు నాన్నగారు పోయాక నేను చూడలేదు.

ఇది మా అమ్మ ఒక్కతె అనుభవం అని మీరు అనవచ్చు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 1960లో విక్టోరియా ప్లాజా అనే ఎత్తైన భవనాన్ని ప్రభుత్వం వృద్ధుల కోసం తెరిచింది. ఫ్రాన్సెస్ కార్ప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అందులో చేరినవారినీ, దరఖాస్తు పెట్టుకున్నా చోటు దొరకనివారినీ పోల్చి చూశారు. చేరినవారు స్నేహాల్లోనూ, రోజువారీ ఉత్సాహంలోనూ, జీవితం మీద తృప్తిలోనూ మెరుగుపడ్డారని ఆమె తేల్చారు. అరవై ఏళ్ళ కిందటి మాట అది. నేను తీసుకెళ్ళి చేర్చిన పెద్దలలో ఎక్కువమంది విషయంలో అదే జరిగింది. తోటి వయసువారు తలుపు తీస్తే ఎదురుగా ఉండడం మందు వంటిది. ఈ లాభాన్ని మీరు తక్కెడలో బరువుగానే వేయండి.

ఇక రెండో పళ్ళెంలోకి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

అమ్మ చేరిన మూడో ఏడు, ఒక రాత్రి స్నానాల గదిలో జారిపడింది. గోడకు ఎర్ర తాడు ఉంది. ఆపద వస్తే లాగమని చేరిన రోజే చెప్పారు. ఆమె లాగింది. తాడు లాగితే తలుపు బయట దీపం వెలిగింది, గంట మోగింది. అంతే. ఆ గంట మోగేది నడవాలో మాత్రమే, దాన్ని వినడానికి రాత్రిపూట ఆ భవనంలో ఉద్యోగులు ఎవరూ ఉండరు. పక్కింటి ఆవిడకు చెవులు సరిగా వినపడవు. తెల్లవారి ఐదున్నరకు ఎవరో నడకకు బయలుదేరుతూ దీపం చూసి 911కు ఫోను చేశారు. అంతవరకు మా అమ్మ చల్లటి నేల మీద ఉంది.

ఆ భవనం వారు మోసం చేశారా? లేదు. తాడుకు బయటి పర్యవేక్షణ లేదని లీజులో రాసే ఉంది. దాని మీద సంతకం పెట్టించింది నేను. నేను చదవలేదు. సీనియర్ అపార్ట్‌మెంటు అన్న పేరు చూసి, అక్కడ పెద్దలను చూసుకునేవారు ఉంటారని నాకు నేనే అనుకున్నాను. ఆ రాత్రి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. అందుకే ఇక్కడ నిలబడి మీకు చెబుతున్నాను.

అది నర్సింగ్ హోము కాదు, అంటే నర్సులు రాత్రింబగళ్ళు పెద్దలను చూసుకునే చోటు కాదు. రోజువారీ పనుల్లో సాయం చేసే అసిస్టెడ్ లివింగ్ కూడా కాదు. చట్టం దృష్టిలో అది మామూలు అద్దె ఇల్లు, అద్దెకున్నవారి వయసుకూ ఆదాయానికీ మాత్రమే నియమం ఉంది. నర్సు ఉండదు, మందులు ఇచ్చేవారు ఉండరు, వంట చేసి పెట్టేవారు ఉండరు. కొన్ని భవనాల్లో సర్వీస్ కోఆర్డినేటర్ అనే ఉద్యోగి ఉంటారు. ఉంటే చాలా అదృష్టం, ఎందుకంటే ఏ సహాయానికి ఎక్కడ దరఖాస్తు పెట్టాలో చెప్పి కాగితాలు కదిలించేది ఆ మనిషే. అయితే వారూ పగటిపూట ఉద్యోగులే, మిమ్మల్ని చూసుకునేవారు కారు.

2021 ఆగస్టు 29న ఐడా తుఫాను లూయిజియానాను తాకినప్పుడు న్యూ ఓర్లియన్స్ నగరమంతటా కరెంటు పోయింది. అక్కడి సీనియర్ అపార్ట్‌మెంట్లలో లిఫ్టులు ఆగాయి, ఏసీలు ఆగాయి, పై అంతస్తుల్లో ఉన్న పెద్దలు కిందికి దిగలేకపోయారు. కొన్నిచోట్ల నిర్వాహకులే అక్కడ లేరు. నగర అధికారులు వెళ్ళి చూసేసరికి కొందరు చనిపోయి ఉన్నారు, వందలమందిని బస్సుల్లో వేరే చోటికి తరలించారు. ఆ తరువాతే అటువంటి భవనాలకు అత్యవసర ప్రణాళిక తప్పనిసరి అని ఆ నగరం నియమం పెట్టింది. మీరు చూడబోయే భవనం ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, లిఫ్టుకు జనరేటరు ఉందా, కరెంటు పోతే ఎవరు వచ్చి తలుపు తడతారు అని అడగండి. నేను ఇప్పుడు పెద్దలకు కింది అంతస్తు దొరికితే, కిటికీ దృశ్యం బాగోకపోయినా, అదే తీసుకోమని చెబుతాను.

మరి సంరక్షణ ఎక్కడి నుంచి వస్తుంది? మెడికేర్, అంటే పెద్దలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, ఉంది కదా అంటారు. మెడికేర్ ఆసుపత్రికీ డాక్టరుకూ కడుతుంది. స్నానం చేయించడానికీ, వంట చేసి పెట్టడానికీ దీర్ఘకాలం మనిషిని పెట్టదు. ఆ పని చేసేది మెడికెయిడ్ అనే, తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, అది కూడా రాష్ట్రాన్ని బట్టి, అర్హతను బట్టి. కాలిఫోర్నియాలో ఇంటికి వచ్చి సాయం చేసే మనిషికి ప్రభుత్వం గంటల లెక్కన జీతం ఇస్తుంది, ఆ మనిషి సొంత కూతురైనా కొడుకైనా కావచ్చు. ఇక పేస్ అనే పథకం గురించి తప్పక తెలుసుకోండి. శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనా టౌన్‌లో, తల్లిదండ్రులను నర్సింగ్ హోములకు పంపడానికి మనసొప్పని కుటుంబాల కోసం 1970లలో ఆన్ లోక్ అనే సంస్థ మొదలుపెట్టిన పద్ధతి అది. పగలు వ్యాను వచ్చి కేంద్రానికి తీసుకెళ్తుంది, డాక్టరు, భోజనం, వ్యాయామం అక్కడే. రాత్రికి మీ ఇంట్లో మీరు. 1997లో చట్టం దీన్ని మెడికేర్‌లో శాశ్వత పథకంగా చేసింది. 55 ఏళ్ళు నిండి, నర్సింగ్ హోముకు తగినంత అవసరం ఉన్నా ఇంట్లో క్షేమంగా ఉండగలిగినవారికి ఇది వర్తిస్తుంది. అన్ని ఊళ్ళలోనూ లేదు. మీ అపార్ట్‌మెంటు పిన్ కోడుకు ఉందో లేదో చేరకముందే కనుక్కోండి. ఆ చైనా టౌన్ వారు తమ పెద్దల కోసం ఒక పద్ధతిని కనిపెట్టి దేశానికే ఇచ్చారు. మనం ఇంకా ఒకరి ఫారాలు ఒకరు నింపే దగ్గరే ఉన్నాం, ఈ మాట నేను బాధతోనే చెబుతున్నాను.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా తగిలే నియమాలు కొన్ని ఉన్నాయి. కూతురికి పురుడు వస్తే మనవడిని తెచ్చి మూడు నెలలు పెట్టుకుందామంటే కుదరదు, అతిథులు ఎన్ని రోజులు ఉండవచ్చో లీజులో ఉంటుంది. చలికాలం ఇండియా వెళ్ళి వేసవికి వద్దామనుకునేవారు రెండుసార్లు ఆలోచించండి. ఆ ఇల్లు మీ నివాసంగా ఉండాలి, ఎన్ని రోజులు ఖాళీగా ఉంచవచ్చో హద్దు ఉంటుంది. ఎస్ఎస్ఐ తీసుకునేవారు దేశం బయట 30 రోజులు ఉంటే ఆ డబ్బు ఆగిపోతుంది, తిరిగి వచ్చాక ఇక్కడ వరుసగా 30 రోజులు ఉంటే గానీ మళ్ళీ మొదలు కాదు. డబ్బు ఆగినా అద్దె ఆగదు.

ఇక ఊళ్ళో పొలం సంగతి. దరఖాస్తులో ఆస్తులు రాయమంటే అమెరికాలోవి మాత్రమే రాస్తారు మనవాళ్ళు. ఇండియాలో ఉన్న ఇల్లు, పొలం, బ్యాంకు డిపాజిట్లు కూడా రాయాలి. "కొడుకు పేర పెట్టేశాం, ఇక మాది కాదు" అంటారు. గత రెండేళ్ళలో అసలు విలువ కంటే తక్కువకు ఇచ్చేసిన ఆస్తిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. దాచి చేరి, ఏటేటా జరిగే ఆదాయ తనిఖీలో బయటపడితే, ఇల్లు పోవడమే కాక వెనకటి అద్దె తేడా కూడా కట్టమంటారు.  దయచేసి నిజం రాయండి. అలాగే విజిటర్ వీసా మీద వచ్చినవారికి సెక్షన్ 8 సహాయం వర్తించదు. గ్రీన్ కార్డు ఉన్నవారు, స్పాన్సర్ చేసిన పిల్లల సంతకం వల్ల ఏయే బాధ్యతలు ఉన్నాయో, ఎస్ఎస్ఐ ఎప్పటికి వస్తుందో ఇమిగ్రేషన్ లాయరుతో ముందుగా మాట్లాడండి. పక్కింటివారి అనుభవాన్ని నమ్ముకుని సంతకాలు పెట్టకండి.

వెయిటింగ్ లిస్టు గురించి రెండు ముక్కలు. ఈ సహాయం అర్హులందరికీ దొరికే హక్కు కాదు. నిధులు ఉన్నంతవరకే ఇస్తారు, అందుకే ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వస్తుంది. అవసరం వచ్చాక దరఖాస్తు పెడితే ఆలస్యమే. 62 నిండగానే, కాళ్ళు బాగా నడుస్తున్నప్పుడే, ఐదారు భవనాల్లో పేరు రాయించండి. పేరు రాయించినంత మాత్రాన చేరి తీరాలని లేదు. వారు పంపే ఉత్తరానికి గడువులోగా జవాబు ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు, కాబట్టి ఇల్లు మారితే ఆ చిరునామా ప్రతి చోటా మార్పించండి. ఈ ఒక్క పొరపాటుతో నాలుగేళ్ళ వరుస పోగొట్టుకున్న దంపతులు నాకు తెలుసు.

భవనం చూడడానికి వెళ్ళినప్పుడు ఆఫీసులో చూపించే నమూనా గది చూసి వచ్చేయకండి. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి కింది హాల్లో అరగంట కూర్చోండి. మనుషులు వచ్చి కూర్చుంటున్నారా, ఒకరినొకరు పేరుతో పిలుచుకుంటున్నారా? వంటగదిలో పొగ బయటికి పోయే ఫ్యాను ఉందా, లేక అక్కడే తిరుగుతుందా? తాలింపు వేసిన ప్రతిసారీ అలారం మోగుతుంటే మీరు వంట మానేస్తారు, వంట మానేస్తే తిండి మానేస్తారు, ఇది నేను చూశాను. కూరగాయల కొట్టుకు నడిచి వెళ్ళగలరా? స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలు లేకపోతే అడగండి. వైకల్యం ఉన్నవారికి కావలసిన మార్పులు అడిగే హక్కు చట్టంలో ఉంది, ఫెడరల్ సహాయం ఉన్న భవనాల్లో ఆ ఖర్చు సాధారణంగా భవనం వారిదే. ఎర్ర తాడు ఉంటే, దాన్ని లాగితే గంట ఎక్కడ మోగుతుంది, రాత్రి రెండింటికి ఎవరు వింటారు అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

అమ్మ పడిన తరువాత నేను ఆమెను మళ్ళీ మా ఇంటికి రమ్మన్నాను. చేతులు పట్టుకుని బతిమాలాను. ఆమె రానంది. "అక్కడ పడితే సాయంత్రం ఆరింటికి చూస్తారు, ఇక్కడ పడితే తెల్లారి ఐదున్నరకు చూశారు, తేడా ఏముంది? ఇక్కడ నాకు మనుషులున్నారు" అంది. అప్పుడు మేము చేసింది ఏమిటంటే, నెలనెలా డబ్బు చెల్లించి, మెడలో వేసుకునే అలారం ఆమెకు పెట్టించాం, రాత్రి తొమ్మిదింటికీ ఉదయం ఏడింటికీ ఫోను చేయడానికి నేనూ మా తమ్ముడూ రోజులు పంచుకున్నాం, ఆ గుజరాతీ ఆవిడ దగ్గర ఒక తాళం చెవి పెట్టాం, ఆమెది మా అమ్మ దగ్గర ఉంది. అపార్ట్‌మెంటు ఇవ్వని సంరక్షణను మేము ఇలా ముక్కలు ముక్కలుగా కూర్చుకున్నాం. ఇంకా నాలుగేళ్ళు ఆమె అక్కడే ఉంది. ఆఖరి ఏడాది మాత్రం మా ఇంటికి తెచ్చుకున్నాను, అప్పటికి ఆమెకు రాత్రిపూట మనిషి కావలసి వచ్చింది.

ఈ ముక్కలు కూర్చుకోవడానికి మనుషులున్నారా లేదా అన్నదే మీ ఇంట్లో తేల్చుకోవలసిన విషయం. పిల్లలున్న ఊరికీ భవనానికీ మధ్య దూరం ఎంత, రాత్రిపూట ఫోను ఎత్తేది ఎవరు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఈ మూడింటికీ మనిషి పేరు పెట్టి జవాబు చెప్పగలిగితే చేరండి, అద్దె మీ ఆదాయాన్ని బట్టి మారే మొదటి రకమైతే సంతోషంగా చేరండి. చెప్పలేకపోతే పేరు మాత్రం జాబితాలో ఉంచి, ఆగండి.

దరఖాస్తు కాగితాలు ఆ మూల బల్ల మీద ఉన్నాయి. నింపడానికి నాతోపాటు ఇంకో ఇద్దరు కూర్చుంటారు. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. వెనక ఉన్న పిల్లలను కొంచెం ఓపిక పట్టమని కోరుతున్నాను, ముందు వరుసల్లోని పెద్దలు అడగడం అయ్యాక మీ వంతు వస్తుంది. అమ్మా, మీరు చెయ్యి ఎత్తారు, కూర్చునే అడగండి.